మీకు తెలుసా? అండమాన్‌లో పొద్దు ముందే వాలుతుంది
భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి అండమాన్ దీవులు పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. అందువల్ల అక్కడ సూర్యోదయం, సూర్యాస్తమయం గడియారం ప్రకారం సుమారు 40 నిమిషాలు ముందుకు జరుగుతాయి. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. స్వరాజ్ ద్వీప్‌లో (2018 వరకు హేవ్‌లాక్) స్కూబా డైవింగ్, స్నార్కెలింగ్ పొద్దున్నే ముగించుకోవడం మేలు. సూర్యాస్తమయం చూడాలంటే ఆ దీవి పడమటి తీరాన ఉన్న రాధానగర్ బీచ్‌కు మధ్యాహ్నం నిద్ర మానుకుని వెళ్లాల్సిందే! షహీద్ ద్వీప్‌లోని సహజ రాతి వంతెన దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లగలరు. చీకటిపడ్డాక, 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది. గవ్వల దుకాణాలు సరే, ఒడ్డున దొరికిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.