దేవాంగపిల్లి: పిల్లి కాని పిల్లి

బిలాస్‌పూర్‌లో అర్పా నదికి ఆవలి ఒడ్డున ఉన్న సర్కండాలో పెరిగే తెలుగు పిల్లలకు అచానక్‌మార్ అడవుల కొండముచ్చులు కొత్త కాదు. సెలవులకు తిరుపతి రైలెక్కే ఆ పిల్లలకు, శేషాచలం కొండల్లో ఆ కొండముచ్చులకూ మనకూ కూడా దూరపు చుట్టం ఒకటి ఉందని చెబితే ఆశ్చర్యం కలుగుతుంది. అదే దేవాంగపిల్లి. కన్నడిగులు దీనిని ముద్దుగా కాడుపాప, అంటే అడవి పాప, అంటారు.

పేరులో పిల్లి ఉన్నా ఇది మానవుడు, కోతులు చేరిన ప్రైమేట్ల వర్గానికి చెందిన జంతువు. మడగాస్కర్ లెమూర్లు దీనికి దగ్గరి బంధువులు. దక్షిణ భారతదేశం, శ్రీలంకలలో నివసించే ఈ జాతికి 1908లో లోరిస్ లిడెక్కెరియానస్ అని శాస్త్రీయ నామం పెట్టారు. బరువు పావుకిలో అటూఇటూ. తోక లేదు. పుల్లల్లాంటి కాళ్ళు, చేతులు, ముఖమంతా కళ్ళే! కంటి వెనుక ఉండే అద్దం వంటి పొర మసక వెలుతురును తిరిగి దృష్టిపటలం మీదికి పంపుతుంది. అందుకే టార్చి వేస్తే ఆ కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. పరిశోధకులు మాత్రం దాన్ని బెదరగొట్టకుండా ఎర్రని వెలుతురు వాడుతారు.

రాత్రివేళ చీమలు, పురుగులు, బల్లుల కోసం కొమ్మ వెంట నెమ్మదిగా కదులుతుంది. చూపుడువేలు బాగా పొట్టిగా ఉండటం వల్ల దాని చేయి పట్టకారులా పనిచేస్తుంది. మూత్రాన్ని చేతులకు, పాదాలకు పూసుకునే వింత అలవాటు కూడా ఉంది. ఇది పట్టు కోసమా, వాసన గుర్తుల కోసమా, విషపురుగుల కాట్ల మంట తగ్గడానికా అన్నది ఇంకా తేలలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కోతిలా ఇది కొమ్మ నుంచి కొమ్మకు దూకలేదు. ఒక కొమ్మను వదలకుండానే రెండో కొమ్మను అందుకోవాలి. కనుక రోడ్డు వెడల్పు చేయడానికి చెట్లు కొట్టేసిన చోట, కొమ్మల మధ్య ఏర్పడిన ఖాళీయే దానికి అగాధం. అక్కడ నేలకు దిగక తప్పదు. దిగితే కుక్కలు, వాహనాలు. కొమ్మనుకుని కరెంటు తీగను పట్టుకుంటే చావే. దీనికి తోడు మన మూఢనమ్మకాలు: దీని కళ్ళు మందుకూ మంత్రానికీ పనికొస్తాయని పట్టి చంపేవారున్నారు. ఆ కళ్ళలో చీకట్లో చూసే ఏర్పాటు తప్ప మరే మహిమా లేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు దీనికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. దీన్ని పట్టినా, పెంచినా నేరమే. 2010లో శేషాచలం కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. 2022లో తమిళనాడు ప్రభుత్వం కరూర్, దిండిగల్ జిల్లాల్లోని కడవూరు అడవుల్లో 11,806 హెక్టార్లను కేవలం దేవాంగపిల్లి కోసమే అభయారణ్యంగా చేసింది. దేశంలో ఇదే మొదటిది. అయితే ఇది దట్టమైన అడవుల్లోనే కాదు, తుమ్మ పొదల్లోనూ, పొలాల గట్ల మీది ముళ్ళ కంచెల్లోనూ బతుకుతుంది. ఆ కంచెలు ఏ అభయారణ్యం పటంలోనూ ఉండవు. వాటిని కొట్టాలో ఉంచాలో నిర్ణయించేది రైతే.