బొగ్గు గొట్టం పలికే సాక్ష్యం

ఢిల్లీలోని జనక్‌పురిలో వీధి గాలిని కొలవడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. కాని అదే పేటలో, పెట్రోలు బంకు వద్ద పగలంతా నిలబడి బండ్లకు పెట్రోలు పోసే కుర్రవాడు పీల్చే గాలి వేరు. పెట్రోలులో నూటికి ఒక వంతు వరకు బెంజీన్ ఉండవచ్చు. రక్త క్యాన్సరుకు అది కారకమని ఏనాడో రుజువైంది. అతని ఊపిరిలోకి ఎంత పోతున్నదో తెలియాలంటే అతని చొక్కా కాలరునే అడగాలి.

కాలరుకు సన్నని గాజు గొట్టం, నడుముకు చిన్న పంపు. గొట్టం ముందు అరలో 100 మిల్లీగ్రాముల కొబ్బరిచిప్ప బొగ్గు, వెనుక అరలో 50. పంపు లాగిన గాలిలోని ఆవిరిని బొగ్గు పట్టి ఉంచుతుంది. ప్రయోగశాలలో దానిని కార్బన్ డైసల్ఫైడుతో విడదీసి లెక్క కడతారు.

ఆ లెక్కను నమ్మవచ్చునా? మూసిన పెట్టెలో తెలిసిన మోతాదున ఆవిరిని కల్పించి, గొట్టం ఎంత చూపుతుందో పరీక్షిస్తారు. నూటికి 95 పర్యాయాలు ఫలితం అసలు విలువకు 25 శాతం లోపల ఉండాలన్నది అమెరికాలోని 'నియోష్' సంస్థ గీటురాయి. అంత తేడానా అని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. గాలిని కొలవడం బియ్యం కొలిచినంత సులభం కాదు మరి!

పెట్టె దాటి బయటికి వస్తే చిక్కులు పెరుగుతాయి. వానాకాలపు తేమ బొగ్గులో చోటు ఆక్రమించి బెంజీనును గెంటివేస్తుంది. వెనుక అరలో దొరికినది ముందు అరలోని దానిలో పదో వంతును మించితే, కొంత ఆవిరి గొట్టం దాటిపోయిందని అనుమానించవలసిందే. సాయంత్రానికి పంపు మందగించవచ్చు. బిరడా వదులు కావచ్చు.

ఈ పొరపాట్లు దాదాపు అన్నీ ఒకే వైపు మొగ్గుతాయి. పెట్రోలు అంటిన వేళ్లు గొట్టానికి తగిలితే తప్ప అంకె పెరగదు. ఆ సంగతిని గాలి లాగని ఖాళీ గొట్టం పట్టి ఇస్తుంది. తగ్గిన అంకె యజమానికి ఊరట, పనివానికి ముప్పు. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో, కర్మాగారాల చట్టానికి ఇటువంటి పరిమితుల పట్టికను చేర్చారు. బెంజీనుకు అందులో తరువాత వచ్చిన పరిమితి పది లక్షల భాగాల గాలిలో అర భాగం. నిజంగా 0.6 ఉన్న చోట గొట్టం 0.45 చూపిందనుకోండి. అది గీటురాయి అనుమతించిన తేడాయే. కాగితం మీద మాత్రం అంతా క్షేమం. అందుకే జాగ్రత్త గల పరీక్షకులు ఒక్క అంకెతో ఊరుకోక, సందేహపు మేరను, వెనుక అర లెక్కను, ఖాళీ గొట్టం ఫలితాన్ని కూడా నివేదికలో రాస్తారు.