సాల్మన్ ఫ్లై

సాల్మన్ ఫ్లై అనేది అట్లాంటిక్ సాల్మన్ (సాల్మో సాలార్) చేపను గాలంతో పట్టుటకు ఈకలు, పట్టుదారం, జరీ తీగలతో కొక్కెముపై కట్టే కృత్రిమ ఎర. 19వ శతాబ్దంలో బ్రిటన్, ఐర్లాండులలో రూపొందిన రంగురంగుల ఎరలను క్లాసిక్ సాల్మన్ ఫ్లైలు అంటారు. వీటి తయారీలో దక్షిణ భారతదేశపు అడవికోడి ఈకలకు ముఖ్యమైన స్థానం ఉన్నది.

పనిచేసే విధానం

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు వంటి ప్రాంతాలలో చెరువు చేపలకు వానపామును, కొర్రమీనుకు చిన్న కప్పను గాలానికి గుచ్చుట పరిపాటి. ఆ చేపలు ఆకలితో ఎరను మింగుతాయి. సాల్మన్ విషయం వేరు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టుటకు నదిలోకి తిరిగివచ్చిన సాల్మన్ దాదాపుగా ఆహారం తీసుకోదు. అయినను ఎదుట కదిలే వస్తువును అప్పుడప్పుడు నోటితో పట్టుకుంటుంది. అందువలన ఈ ఎర ఏ పురుగునూ పోలి ఉండనవసరం లేదు. పొడవైన గాలపు కర్రతో ఎరను ప్రవాహానికి అడ్డంగా, కొంత దిగువకు విసురుతారు. నీటి ఒరవడికి దారం బిగిసి, ఎర వంపు తిరుగుతూ ఒడ్డు వైపుకు ఈదుతుంది.

తయారీ

పాత కొక్కెములకు కన్ను ఉండేది కాదు. పట్టుపురుగు నుండి తీసిన గట్టి పోగును పురివేసి, ఉచ్చుగా కట్టేవారు. తరువాత తోక, పట్టుదారపు ఒడలు, దానిపై జరీ చుట్టు, మెడ ఈక, రెక్కలు వరుసగా కట్టి, తలకు వార్నిష్ పూస్తారు. జార్జ్ కెల్సన్ 1895లో ప్రచురించిన "ది సాల్మన్ ఫ్లై" గ్రంథం ఈ విద్యకు ప్రసిద్ధి తెచ్చినది. "జాక్ స్కాట్" అనునది పేరుపొందిన ఎరలలో ఒకటి. ఇందులో వాడే "ఇండియన్ క్రో" ఈక పేరుకు మాత్రమే భారతీయం. ఆ పక్షి దక్షిణ అమెరికాకు చెందినది.

అడవికోడి

నిజముగా భారతదేశానికి చెందినది బూడిదరంగు అడవికోడి (గాల్లస్ సొన్నెరాటి). పుంజు మెడ ఈకలపై లక్కపూతవలె మెరిసే తెలుపు, పసుపు మచ్చలు ఉంటాయి. ఎరకు ఇరువైపులా కట్టినప్పుడు ఇవి కన్నులవలె కనిపిస్తాయి. ఈకల కొరకు ఈ పక్షులను విరివిగా వేటాడిరి. 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద ఈ పక్షికి రక్షణ ఉన్నది. నేడు విదేశాలలో పెంచిన కోళ్ళ ఈకలను, రంగు వేసిన సాధారణ ఈకలను వాడుతున్నారు.

ట్రింగ్ దొంగతనం

అరుదైన ఈకలపై మోజు నేటికీ హాని కలిగిస్తున్నది. 2009 జూన్‌లో ఇంగ్లాండులోని ట్రింగ్ వద్ద గల ప్రకృతి చరిత్ర మ్యూజియం నుండి 299 పక్షి చర్మాలు దొంగిలించబడినవి. ఎరలు కట్టుటలో నేర్పరియైన ఒక అమెరికన్ సంగీత విద్యార్థి ఈ నేరాన్ని అంగీకరించాడు. పక్షులలో 174 మాత్రమే చెక్కుచెదరక దొరికినవి. వాటిలోనూ 102కు మాత్రమే చీటీలు మిగిలినవి. పక్షిని ఎక్కడ, ఎప్పుడు సేకరించినదీ తెలిపే చీటీ పోయినచో, ఆ నమూనా శాస్త్ర పరిశోధనకు చాలావరకు నిరుపయోగమగును.