మందునకు అసలు పేరు

మన దీవిలో పెద్దవారున్న ప్రతి యింటను ఈనాడు దేవుని గూటి ప్రక్కనో, వంటయింటి అలమారులోనో మందుల డబ్బా ఒకటి కనబడుచున్నది. మారిషసునందు పెద్దలలో ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి మధుమేహము కలదని ప్రభుత్వపు ఆరోగ్య పరిశీలనలు తెలుపుచున్నవి. రక్తపుపోటు దానికి తోబుట్టువు. ఇవి వచ్చినచో తరచుగా జీవితాంతము వెంటనుండును. కావున వాటి మందుల ఖర్చు పండుగ ఖర్చువలె ఏడాదికొకసారి వచ్చి పోవునది కాదు. బియ్యము పప్పులవలె నెలనెలా తప్పనిది.

సర్కారు ఆసుపత్రులలోను ఆరోగ్య కేంద్రములలోను వైద్యమును మందులును ఉచితముగా లభించుచున్నవి. ఇది చిన్న భాగ్యము కాదు. అయినను పని మానుకొని వరుసలో నిలువలేకనో, వ్రాసిన మందు ఆనాడు అక్కడ లేనందుననో, ప్రైవేటు డాక్టరును చూచినందుననో మనవారిలో చాలామంది ఫార్మసీలో చేతిడబ్బుతో కొనుచున్నారు. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

మొదట తెలియవలసినది ఇది: మందునకు రెండు పేర్లుండును. పెట్టెమీద పెద్ద అక్షరములతో నుండునది కంపెనీవారు పెట్టుకొన్న వ్యాపారపు పేరు. దాని క్రిందనో ప్రక్కనో చిన్న అక్షరములతో నుండునదే మందునకు అసలు పేరు. ఏ దేశపు డాక్టరైనను ఒకే మందును ఒకే పేరుతో గుర్తింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1950లో నిర్ణయించి, 1953లో అట్టి పేర్ల మొదటి జాబితాను ప్రకటించిరి. గ్లూకోఫాజ్ అనునది వ్యాపారపు పేరు. లోపలి మందు మెట్‌ఫార్మిన్. ఫ్రాన్సు దేశములో అమ్లోర్ అనియు ఇతర దేశములలో నార్వాస్క్ అనియు అమ్మబడిన రక్తపుపోటు మందు అమ్లోడిపిన్ ఒక్కటియే. కొలెస్ట్రాలునకిచ్చు టాహోర్, లిపిటార్ అను రెండును అటోర్వాస్టాటిన్. డయామిక్రోన్ అనగా గ్లిక్లాజైడ్. పనడోల్, డోలిప్రాన్, ఎఫెరల్గాన్ మూడును పారసెటమోలే.

ఇది మన కుటుంబములకు క్రొత్త సంగతి కాదు. ఓడ దిగిన తాతకు గుమస్తా ఒక సంఖ్య ఇచ్చి, తన చెవికి వినబడినట్లు ఒక పేరు పుస్తకములో వ్రాసికొనెను. చెరకుతోటలో సర్దారు మరియొక పేరుతో పిలిచెను. ఇంటిలో మాత్రము ఆయన అప్పన్నయే. ఎవరు ఏ పేరుతో పిలిచినను మనిషి ఒక్కడే గదా!

మరి వెలలో ఇంత భేదమెందుకు? క్రొత్త మందును కనుగొన్న కంపెనీకి సాధారణముగా 20 ఏండ్ల పేటెంటు హక్కుండును. ఆ కాలములో ఇతరులు దానిని చేసి అమ్మరాదు. కనుక వారు చెప్పినదే వెల. హక్కు తీరిన పిమ్మట ఎవరైనను పరీక్షలకు నిలిచి, అనుమతి పొంది, అదే మందును తయారుచేయవచ్చును. అట్టి దానిని జెనెరిక్ మందు అందురు. మొదటి పరిశోధన ఖర్చు వీరికి లేదు; పోటీ చేయువారు పెక్కురు; గాన వెల దిగును. అమ్లోడిపిన్‌పై అమెరికాలో పేటెంటు 2007లోను, అటోర్వాస్టాటిన్‌పై 2011లోను తీరిపోయినది. మెట్‌ఫార్మిన్ సంగతి చెప్పనే అక్కరలేదు. దానిని మొదట తయారుచేసినది 1922లో. మధుమేహమునకు పనిచేయునని ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ ప్రకటించినది 1957లో. ఇంత పాతదైన మందును, పెట్టెమీది పేరు అలవాటైనదని, ఎక్కువ వెలకు కొనుట అవసరమా?

ఇచట మన పూర్వుల నేల ప్రసక్తి వచ్చుచున్నది. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవు పేరుననే మనవారిని ఈ దీవిలో కోరంగీలని పిలిచిరి. ఆ గోదావరి ప్రాంతముననే, భీమవరములో, 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లె ప్రయోగశాలలో పరిశోధనకు నాయకులై, ఫోలిక్ ఆమ్లమును, బోదకాలు వ్యాధికి డైఇథైల్‌కార్బమజిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను లోకమునకందించిన పనులకు మూలపురుషులైరి, 1948లో పరమపదించిరి. పిదప భారత ప్రభుత్వము 1970లో చేసి 1972లో అమలుపరచిన పేటెంటు చట్టము, మందును తయారుచేయు పద్ధతికే గాని మందునకు పేటెంటు లేదని చెప్పినది. 2005లో ఆ చట్టము మారువరకు ఆ నీడలోనే అచటి ఔషధ పరిశ్రమ పెరిగినది. హైదరాబాదును విశాఖపట్టణమును దానికి ముఖ్య స్థానములైనవి. 2001లో ఒక భారతీయ కంపెనీవారు ఎయిడ్స్ రోగికి ఏడాదికి 10,000 డాలర్లు దాటుచుండిన మందులను 350 డాలర్లకే ఇత్తుమని ముందుకు వచ్చినప్పుడు ఆఫ్రికా ఖండమంతయు ఆలకించినది. మీ మందుపెట్టెను త్రిప్పి చూడుడు. తయారైన ఊరు హైదరాబాదని ఉండినను ఆశ్చర్యము లేదు. ఇంటిలో ఆంధ్రదేశమును పొగడుచు, ఫార్మసీలో మాత్రము “ఇండియా మందా, అది బలహీనము” అని పెదవి విరుచువారిని చూచినప్పుడు నాకు నవ్వు వచ్చుచుండును.

చౌకమందు బలహీనమా యను సందేహమునకు పరీక్షయే సమాధానము. జెనెరిక్ మందును మనుష్యులకిచ్చి, అది రక్తములో ఎంత చేరినదో కొలిచి, మొదటి మందుతో పోల్చి చూతురు. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖవారు ఇట్టి 2,070 పరీక్షలను కలిపి చూడగా, రక్తములో చేరిన మొత్తమునందు సగటు భేదము సుమారు 3.5 శాతము మాత్రమేయని 2009లో ప్రకటింపబడినది. మాత్ర రంగు, ఆకారము మారవచ్చును. లోపలి మందు మారదు.

అయితే చౌకయైనదంతయు మంచిదని నేననను. 2022లో గాంబియా దేశములో, భారతదేశమునుండి వచ్చిన కలుషితమైన దగ్గు సిరప్పులతో ముడిపడి 60 మందికి పైగా పసిపిల్లలు మరణించిరి. కావున లైసెన్సు గల ఫార్మసీలోనే కొనుడు; సంతలో అమ్మునవి, ఎవరో ప్రయాణములో సంచిలో తెచ్చినవి ముట్టకుడు. మరియు కొన్ని మందుల విషయములో కంపెనీని తరచుగా మార్చుట తగదు. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు వార్ఫరిన్, మూర్ఛకు ఇచ్చు ఫెనిటాయిన్, థైరాయిడునకు ఇచ్చు లెవోథైరాక్సిన్ అట్టివి. వీటియందు కొద్ది భేదము కూడ లెక్కకు వచ్చును. డాక్టరుతో చెప్పియే మార్చవలెను.

ఇక మన ఇండ్లలో పొదుపు అనుకొని చేయుచున్న దానిని గూర్చి చెప్పవలెను, ఇది నాకు మనసునకు నొప్పి కలిగించు విషయము. పూజకు పోయిన యిండ్లలో వింటూనేయుందును: “ఒంట్లో బాగానే ఉన్నది గదా అయ్యగారూ, రోజు విడిచి రోజు వేసుకొనుచున్నాను”, “నెలాఖరువరకు రావలెనని సగము సగము విరుచుకొనుచున్నాను”, “మా ఆయన మాత్రలే నేనును మ్రింగుచున్నాను, ఇద్దరికిని ప్రెషరే గదా.” తల్లీ, రక్తపుపోటు కేకవేసి వచ్చు వ్యాధి కాదు. బాగానే ఉన్నదనిపించుటయే దాని మోసము. మందు తగ్గించి మిగిల్చిన రూపాయలు, పక్షవాతము వచ్చిననాడు ఒక వారమునకు చాలవు. మూత్రపిండములు చెడినవారు సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు డయాలిసిస్ కుర్చీలో కూర్చుండవలసియుండును. అచట చికిత్స ఉచితమైనను, ఆ దినములు ఎవరిచ్చెదరు? మాత్రలలో కొన్నింటిని విరువనే కూడదు: మెల్లగా కరుగునట్లు చేసినవి విరిచినచో మందంతయు ఒక్కసారిగా దిగును.

అసలు పేరు తెలియకపోవుటలో డబ్బుకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. ప్రైవేటు డాక్టరు వ్రాసిన గ్లూకోఫాజ్ ఇంటిలో నుండగా, ఆసుపత్రిలో మెట్‌ఫార్మిన్ ఇత్తురు. రెండు వేర్వేరనుకొని రెండును మ్రింగువారు కలరు. జ్వరము వచ్చినప్పుడు కోడలు పనడోల్ ఇచ్చును, కొడుకు డోలిప్రాన్ తెచ్చును. పెద్దవారికి పారసెటమోల్ దినమునకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, మించరాదు. మించినచో కాలేయము చెడును. ఇందాక చెప్పిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతమునకు వారమునకొక్క దినము మాత్రమే వేసికొందురు. పొరపాటున దినదినము వేసికొన్నవారికి ప్రాణాపాయము కలిగినది.

మనవారికి డాక్టరు ఎదుట నోరు రాదు. తోటలలో దొర ముందు నిలిచిన అలవాటు మన ఎముకలలో ఉండిపోయినదేమో! అడుగుటలో అమర్యాద లేదు. “అసలు పేరుతో వ్రాయుడు, ఇదే మందు తక్కువ వెలలో ఉన్నదా” అని డాక్టరును, “ఏనా జెనెరిక్?” అని ఫార్మసీలోని ఫార్మసిస్టును అడుగుడు. చీటీలో ఐదారు మందులున్నప్పుడు ఏది తప్పనిసరి, ఏది ఎన్ని దినములకు, ఏది ఇక మానవచ్చునో తెలిసికొనుడు. అన్నిటికంటె చౌకయైనది కొననవసరము లేని మందు. సాధారణ జలుబునకు ఆంటిబయోటిక్ పనిచేయదు. భోజనము సరిగా చేయువారిలో పెక్కుమందికి బలమునకని కొను రంగురంగుల టానిక్కు సీసాలు అక్కరలేదు. ఆ డబ్బుతో ఆకుకూరలు, చేపలు తినువారైతే చేపలు కొనవచ్చును. రెండు మందులు కలిపిన ఒక మాత్రకు బదులు ఆ రెంటిని విడివిడిగా కొన్నచో ఒక్కొక్కప్పుడు వెల తగ్గును. డాక్టరు సమ్మతించినచో అట్లు చేయవచ్చును.

ఒకేసారి ఆరు నెలలకు సరిపడ కొనకుడు. డాక్టరు మధ్యలో మందు మార్చినచో మిగిలినది వ్యర్థమగును. మన ఎండకు, చెమ్మకు కొన్ని మందులు చెడిపోవును కూడ. నవంబరు మొదలు ఏప్రిలువరకు తుఫానుల కాలము గాన ఆ నెలలలో మాత్రము రెండు వారముల మందు అదనముగా నుంచుకొనుట మంచిది. డబ్బాలో ఒక కాగితముండవలెను. దానిమీద ప్రతి మందునకు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు వేసికొనవలెనో, చదువుకొన్న మనుమడిచేతనో మనుమరాలిచేతనో పెద్ద అక్షరములతో వ్రాయించి, నీరు తగులకుండ ప్లాస్టిక్ సంచిలో నుంచుడు. ఏ డాక్టరు వద్దకు పోయినను మొదట ఆ కాగితమును బల్లమీద పెట్టుడు.