శామీర్‌పేట కట్ట – సానుకి రేవు

యాత్ర యనగానే మనకు కాశీరామేశ్వరములు స్ఫురించును. దూరము ఎంత యెక్కువైన అంత గొప్ప యాత్ర యని లోకము తలచును. కాని ఒక పూటలో ముగియు చిన్న ప్రయాణము సైతము, కన్నులు తెరచి చేసినచో, పెద్ద పాఠమే చెప్పును. ఈ ప్రసంగమున అట్టి చిన్న ప్రయాణములు రెండింటిని గూర్చి ముచ్చటింపదలచితిమి. మొదటిది హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ నుండి శామీర్‌పేట వరకు బాటవెంట సాగునది. దీనిని మేము స్వయముగా చేసి వచ్చితిమి. రెండవది జపాను దేశమున సానుకి మైదానము చూచుకొని, ఓడపై ఒక దీవికి పోవునది; దీనిని పాఠకులతో కలిసి ఊహలో చేయుదుము. ఈ రెండు సీమలకు నడుమ సముద్రములున్నను, వానిని కలుపునది ఒకటి కలదు. అది చెరువు.

మేడ్చల్ పట్టణము హైదరాబాదు నుండి కామారెడ్డి, ఆదిలాబాదు, నాగపూరుల మీదుగా ఉత్తరదేశమునకు పోవు రాజమార్గముపై నున్నది. పూర్వము ఇది 7వ నంబరు జాతీయ రహదారి. 2010లో సంఖ్యలు మార్చిన పిమ్మట 44వ నంబరైనది. సికిందరాబాదు నుండి మన్మాడునకు పోవు రైలుదారియు ఈ ఊరిమీదుగానే సాగును. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు ఈ ఊరి పేరు చేరినది. వానలు వెనుకబడి, బతుకమ్మ పండుగ దగ్గరపడిన దినములలో ఒక ఆదివారము ఉదయమున మేము అచ్చట బస్సు దిగి, ఆటో నొకదానిని మాటాడుకొని తూర్పుగా బయలుదేరితిమి.

బాటకు ఇరుప్రక్కల రాతిగుండ్లు ఎవరో పనిగట్టుకొని పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచియున్నవి. వాని సందులలో సీతాఫలపు చెట్లు, ఈత చెట్లు, పచ్చగా పూచిన తంగేడు. చేల గట్లపై తెల్లని గునుగు. పల్లెపిల్లలు ఆ పూవులను గంపలలోనికి కోయుచుండిరి. ఒకప్పుడు ఈ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరుగాంచినది. అనాబే షాహి యను పెద్ద ద్రాక్ష పందిళ్ళ నిండుగా వ్రేలాడెడిది. బావులు ఎండి, భూమి ధరలు పెరిగిన కొలది పందిళ్ళు తరిగినవి. నేడు ఆ దారిలో ఇండ్ల స్థలముల హద్దురాళ్ళే ఎక్కువగా కనబడును. నగరమును 158 కిలోమీటర్ల మేర చుట్టివచ్చు ఔటర్ రింగు రోడ్డు కూడ ఈ రెండు ఊళ్ళను తాకుచునే పోవుచున్నది.

ఇచ్చటి రాతిని గూర్చి ఒక మాట చెప్పుట అవసరము. దక్కను పీఠభూమిలోని ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల యేండ్ల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇసుకనేలలో నీరు ఇంకినట్లు దీనిలో ఇంకదు. పగుళ్ళలో మాత్రమే కొంత నిలుచును. ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును గాని, అందు ఎక్కువభాగము జూను నుండి సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే వచ్చిపోవును. పడిన నీరు పల్లమునకు పరుగెత్తును. ఎనిమిది నెలలు నేల నోరు తెరచుకొని యుండును. అందుచేత ఈ సీమవారికి మిగిలిన ఉపాయము ఒక్కటే: పరుగెత్తు నీటికి అడ్డముగా కట్ట వేసి నిలుపుట.

అట్టి కట్టలలో ఒకటి శామీర్‌పేట పెద్ద చెరువునకు కలదు. నిజాముల పాలనాకాలమున నిర్మింపబడిన ఈ చెరువు కరీంనగరునకు పోవు రాజీవ్ రహదారి ప్రక్కనే యున్నది. చేరువనే జింకల పార్కు, 1998లో నెలకొల్పిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, మరికొంత ముందునకు పోయిన 1999లో ప్రారంభమై టీకాల తయారీకి ప్రసిద్ధి గాంచిన జీనోమ్ వ్యాలీ. ఇన్ని క్రొత్తదనముల నడుమ చెరువు మాత్రము తన పాతపద్ధతిలోనే యున్నది. కట్ట చెంత కట్టమైసమ్మ గుడి కలదు. కట్ట తెగకుండ కాచు తల్లిగా తెలంగాణమున ఊరూర ఈమెను కొలుతురు. ఆదివారమగుటచే బోనములు మోసికొనివచ్చిన కుటుంబములు చెట్ల నీడల వంటలు చేసికొనుచుండిరి.

నగరమున పెరిగిన పిల్లలు చెరువనగా నీరు నిండిన గొయ్యి యని తలంతురు. నిజమునకు అది చక్కగా కూర్చిన యంత్రము వంటిది. నీటికి అడ్డముగా నుండునది కట్ట. కట్ట అడుగున రాతితో కట్టిన దారి తూము; పాతకాలపు తూములలో ఒక రంధ్రమునకు పొడవైన కర్రతో బిరడా అమర్చి, దానిని పైకెత్తినప్పుడు పొలములకు నీరు వదలెడివారు. చెరువు నిండి పొర్లునప్పుడు కట్టకు హాని కలుగకుండ అదనపు నీటిని ప్రక్కకు దాటించు రాతిగోడ అలుగు. నీరు నిలుచు నేల శిఖము; నీరు పారు నేల ఆయకట్టు. ఏ మడికి ఎంతసేపు నీరు పెట్టవలెనో చూచుచు తిరుగువాడు నీరడి. ఎగువ రైతు బలవంతుడైనను, దిగువ రైతు బీదవాడైనను, నీరడి మాటకు ఇరువురును కట్టుబడవలసినదే.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఏ చెరువును ఒంటరిది కాదు. పై చెరువు అలుగు దాటిన నీరు వాగుగా సాగి క్రింది చెరువును నింపును. దాని అలుగు మరియొక దానిని. అందుకే వీనిని గొలుసుకట్టు చెరువు లందురు. గొలుసులో ఒక్క కొలికి తెగినను క్రిందివన్నియు ఎండును. వాన గట్టిగా కురిసిన యేట దారి తప్పిన ఆ నీరే ఇండ్లలోనికి వచ్చును.

కట్టమీద కూర్చుండిన ఒక వృద్ధుని మేము పలుకరించితిమి. "తాతా, ఈ యేడు అలుగు దుంకిందా?" అని అడిగినప్పుడు ఆయన నవ్వి, "వాన పడుడు పడ్తనే ఉంది బిడ్డా. నీళ్ళకు తొవ్వ ఉండాలె గద!" అనెను. ఆ మాట మమ్ములను విడువలేదు. చెరువు చుట్టు కంచె వేసి కాపాడినను, దానికి నీరు తెచ్చు వాగును పూడ్చి ఇండ్లు కట్టినచో, ఆ చెరువు కొలదికాలములో వట్టి పేరుగా మిగులును.

ఇక మన రెండవ ప్రయాణము. జపానునకే పోనేల? ఆ దేశమునకు వానల కొరత లేదని మన తలంపు. ఆ తలంపు కొంతవరకే నిజము. షికోకు దీవి ఉత్తరపు కొసన కగావా అను మండలము కలదు. దాని పాత పేరు సానుకి. జపానులోని 47 మండలములలో విస్తీర్ణమున ఇదియే మిక్కిలి చిన్నది. దక్షిణమున షికోకు కొండలును, ఉత్తరమున సముద్రమున కావల చూగోకు కొండలును మేఘములను అడ్డగించుటచే, ఇచ్చట వాన ఆ దేశపు సగటు కన్న చాల తక్కువ. నదులు పొట్టివి, కురిసిన నీరు వెంటనే సముద్రము చేరును. కనుక అచ్చటి రైతులు మనవారు చేసిన పనినే చేసిరి. ఆ చిన్న మండలమున నేటికిని దాదాపు 12,000 చెరువులున్నవి. వరికి నీరు చాలని నేలలో గోధుమ పండించిరి. ఆ గోధుమపిండితో చేసిన ఊదోన్ అను లావుపాటి సేమ్యా వలెనే నేడు సానుకి పేరు జపానంతటను తెలిసినది.

ఆ చెరువులలో పెద్దది మన్నో. 8వ శతాబ్దారంభమున దీనిని కట్టిరి. కట్ట తెగగా, 821లో కూకాయ్ అను బౌద్ధాచార్యుడు వచ్చి బాగుచేయించెను. ఆయన ఆ సీమలోనే పుట్టినవాడు, చీనాదేశమున చదివి వచ్చినవాడు. 1184లో వరదకు కట్ట మరల తెగినది. ఈసారి బాగుచేయువారు లేకపోయిరి. ఎండిన శిఖములో జనులు ఇండ్లు కట్టుకొనిరి, పొలములు దున్నుకొనిరి. "చెరువు లోపలి ఊరు" అను అర్థము గల పేరుతో ఒక పల్లెయే వెలసినది. నాలుగున్నర శతాబ్దములు అట్లే గడచినవి. తరువాత కరవులు బాధింపగా, నిషిజిమా హాచిబేయ్ అను నిపుణుని ఆధ్వర్యమున 1631లో కట్టను తిరిగి నిలిపిరి. నేడు దానిలో ఒక కోటి 54 లక్షల ఘనమీటర్ల నీరు పట్టును.

ఏటేట జూను నడుమ వరినాట్ల వేళ అచ్చట తూము తెరచు వేడుక జరుగును. దానిని యురు నుకి యందురు. యురు అనగా మన తూము బిరడా. నుకి అనగా లాగుట. గడియారములు లేని కాలమున అచ్చటి రైతులు నీటి వంతులను అగరువత్తులతో కొలిచెడివారు. వత్తి కాలినంతసేపు ఒకరి పొలమునకు, తరువాత మరియొకరికి. మన నీరడి చేయు పనియే. కొలత మాత్రము వేరు.

మన్నో చూచుకొని తకమత్సు రేవునకు రావలెను. ఒకప్పుడు ప్రధాన దీవి నుండి ఈ రేవునకు రైలు ప్రయాణికులను ఓడలే దాటించెడివి. 1955 మే నెలలో షియున్ మారు అను ఓడ మంచులో మరియొక ఓడను తాకి మునిగి 168 మంది మరణించిరి. వంతెన కావలెనను కోరిక బలపడినది. 1988లో సెతో మహావంతెన తెరువబడినది. అయినను చుట్టునున్న దీవులకు ఓడలు నేటికిని సాగుచునే యున్నవి. షోదో దీవికి ఒక గంట ప్రయాణము. మోటారుబండ్లు క్రింది తట్టున, మనుష్యులు పైతట్టున. మన కోనసీమలో సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి గోదావరి దాటినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

దీవిలో దిగి కొండదారిన పోయిన నకయామ అను పల్లె వచ్చును. కొండవాలున మెట్లుమెట్లుగా దాదాపు 800 చిన్న మడులు కలవు. కొండఊట నీరు ఒక మడి నుండి క్రింది మడికి, అందుండి మరియొక దానికి జారును. ఇదియు గొలుసుకట్టే! ఆ పల్లె గుడి ఆవరణలో గడ్డికప్పు గల నాటకశాల యున్నది. పంట చేతికివచ్చు అక్టోబరులో రైతులే వేషములు కట్టి కబుకి ఆడుదురు. ఊరివారు నేలమీద కూర్చుండి అన్నపు మూటలు విప్పుకొని చూతురు. అలుగు దుంకిన యేట చెరువుగట్టున బతుకమ్మ లాడు మన ఆడపడుచులకును, ఆ నటులకును భాష కలియదు. సంతోషమునకు కారణము మాత్రము ఒక్కటే.

ఇక మన మేలుకొనవలసిన సంగతి. 1974లో యోషినో నది నీటిని సొరంగము ద్వారా కగావాకు తెచ్చిరి. నది నీరు వచ్చినది గదా యని వారు చెరువులను పూడ్చివేయలేదు; కాలువను, చెరువులను కలిపి వాడుకొనుచున్నారు. మనకును 2015లో గోదావరి నీరు ఎల్లంపల్లి నుండి ఈ ప్రాంతమునందలి ఘనపూరు జలాశయము మీదుగా నగరమునకు చేరినది. అదే యేట మొదలైన మిషన్ కాకతీయ బాగుచేయదలచిన చెరువులు, కుంటల సంఖ్య 46,531. 2016లో మన్నో చెరువును, 2018లో మన కామారెడ్డి పెద్ద చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారసత్వ కట్టడములుగా గుర్తించినది. అనగా లోకము ఇరువురి పనిని సమానముగానే మెచ్చినది. కాపాడుటలో కూడ సమానులమో కామో తేల్చుకొనవలసినది మనమే.

కుళాయి త్రిప్పగానే దూరపు నది నీరు వచ్చుచున్నప్పుడు ఇంటి ముందటి చెరువుతో పని యేమని తోచుట సహజము. మన్నో శిఖములో ఇండ్లు కట్టుకొనిన వారికిని అట్లే తోచియుండును. వారు తప్పు తెలిసికొనుటకు నాలుగున్నర శతాబ్దములు పట్టినది. మనకు అంత గడువు లేదు. పాఠకులు ఈసారి సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని మేడ్చల్ బాటన శామీర్‌పేటకు పోయిరండు. కట్టను చూపుడు, తూమును చూపుడు, అలుగును చూపుడు. తరువాత వెనుకకు తిరిగి, ఆ నీరు ఏ దారిన వచ్చుచున్నదో కూడ చూపుడు. ఆ దారి తెలిసిన పిల్లలు పెద్దవారై దానిపై ఇల్లు కట్టుకొనరు.