రక్తంలోని కొవ్వు పరీక్ష - సూక్ష్మ బుడగల విశ్లేషణ : తేడా ఏమిటి?

రాష్ట్ర ప్రభుత్వం 2021 జూన్ 9న 19 జిల్లాలలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలను ప్రారంభించింది. వీటిలో జగిత్యాల, సిరిసిల్ల కేంద్రాలు కూడా ఉన్నాయి. 57 రకాల పరీక్షలను ఉచితంగా నిర్వహించేందుకు ఏర్పాటైన ఈ కేంద్రాలలో రక్తంలోని కొవ్వును తెలిపే లిపిడ్ ప్రొఫైల్ ఒకటి. కోరుట్ల వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రులలో సేకరించిన నమూనాలను జిల్లా కేంద్రానికి తరలించి పరీక్షించడం ఈ విధానం ప్రత్యేకత.

లిపిడ్ ప్రొఫైల్‌లో మొత్తం కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, హెచ్.డి.ఎల్., ఎల్.డి.ఎల్. విలువలు తెలుస్తాయి. ఈ కొవ్వును రక్తంలో మోసుకుపోయేవి లిపోప్రోటీన్లు. కాగా, శరీర కణాలు తమ నుంచి వెలుపలికి విడుదల చేసే అతి సూక్ష్మమైన బుడగలు వేరు. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్‌గా వ్యవహరించే ఈ బుడగల పొర రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడుతుంది. ఆ పొరలో ఏ కొవ్వు ఎంత ఉన్నదో తెలిస్తే, అవి ఏ స్థితిలోని కణం నుంచి వెలువడినవో ఊహించవచ్చునన్నది పరిశోధకుల ఆశ.

ఈ విశ్లేషణకు నేడు మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలను వినియోగిస్తున్నారు. పొరలోని ఫాస్ఫోలిపిడ్లను వాటిలోని ఫాస్ఫరస్ ఆధారంగా లెక్కించే పద్ధతి కూడా ఉంది. దీనికి మూలం, భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ నిర్ధారణ విధానమే.

అయితే రక్తంలో లిపోప్రోటీన్ల సంఖ్య ఈ బుడగల కంటే ఎన్నో రెట్లు అధికం. పరిమాణంలోనో, సాంద్రతలోనో రెండింటికీ పోలిక ఉన్నందున వాటిని పూర్తిగా వేరు చేయడం కష్టం. వేరు చేయని పక్షంలో లిపోప్రోటీన్ల కొవ్వే బుడగల కొవ్వుగా లెక్కకు వస్తుంది. రక్తం తీసిన తరువాత జాప్యం జరిగినా, గొట్టం కుదుపులకు గురైనా ప్లేట్‌లెట్లు కొత్తగా బుడగలను విడుదల చేసి ఫలితాన్ని మార్చివేస్తాయి.

ఇందువల్లనే బుడగల కొవ్వు ఆధారంగా వ్యాధి నిర్ధారణ ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది. దీనిని సాధారణ రక్తపరీక్షతో కలిపి వార్తలు రాస్తే ప్రజలు అపోహలకు లోనయ్యే అవకాశం ఉంది.

నమూనా పట్ల జాగ్రత్త మాత్రం రెండింటికీ సమానమే. భోజనానంతరం ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి గనుక, వైద్యులు పరగడుపున రమ్మని సూచించిన వారు ఆ నియమం పాటించాలి. సిబ్బంది నమూనాలను సకాలంలో, సరైన చల్లదనంలో కేంద్రానికి చేర్చాలి. నమూనా చెడిపోతే సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు మరొక పూట పని మానుకొని రావలసి వస్తుంది. పరీక్ష ఉచితమైనా, ఆ పూట కూలి ఆయనకు తిరిగి రాదు.