నోటిమాట బాడుగలతో జాగ్రత్త

తాతల నాడు కుదిరిన ఇల్లు. నెల మొదటి వారంలో బాడుగ ఇస్తారు, రెండు మూడేళ్లకోసారి ఓనరు అడిగితే కాస్త పెంచుతారు. కాగితం వాళ్లూ అడగలేదు, మనమూ రాయించుకోలేదు. చెన్నై, బెంగళూరు, ముంబైలలో తరాలుగా ఉంటున్న మన కుటుంబాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పెద్ద ఓనరు పోయి, ఇల్లు పిల్లల చేతికి వచ్చాక బాడుగ ఒక్కసారిగా పెంచమంటారు, లేదా ఖాళీ చేయమంటారు. ‘ప్రభుత్వం అడ్డుకోదా?’ అన్న ప్రశ్న అప్పుడే వస్తుంది.

ఒకప్పుడు అడ్డుకునేది. ఇప్పుడు చాలావరకు ఒప్పందంలో రాసుకున్నదే చెల్లుతుంది. అయితే ఆ ఒప్పందం విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి.

తమిళనాడు: 1960 నాటి చట్టం ప్రకారం ‘న్యాయమైన అద్దె’ ఎంతో నిర్ణయించమని అడిగే వీలుండేది. దాని స్థానంలో 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో బాడుగకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టలేదు. ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఎంత పెంచాలి అనేది ఓనరు, అద్దెదారు రాసుకోవాల్సిందే. ఆ ఒప్పందాన్ని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. పాత నోటిమాట బాడుగలకూ పత్రం రాసుకోవాలని చట్టం గడువు పెట్టింది, అదీ దాటిపోయింది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పత్రం రాసుకోకపోవడాన్నే ఖాళీ చేయించడానికి ఒక కారణంగా చట్టం చేర్చింది. నలభై ఏళ్లుగా ఉన్నామన్న మాట ఒక్కటే అక్కడ నిలవదు.

అద్దెదారుకు రక్షణలూ ఉన్నాయి. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అడ్వాన్స్ మూడు నెలల బాడుగకు మించకూడదు. గొడవ వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఓనరు బాడుగ తీసుకోనంటే రెంట్ అథారిటీ దగ్గర జమ చేయవచ్చు.

కర్ణాటక: 1999 నాటి అద్దె చట్టం ఇంకా ఉంది. కానీ బెంగళూరు వంటి నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఆ లోపు బాడుగకు ఇప్పుడు ఇల్లెక్కడ దొరుకుతుంది? అందుకే ఒప్పందంలో ఉన్న మాటే దిక్కు. పత్రం లేని నెలవారీ బాడుగను 15 రోజుల నోటీసుతో రద్దు చేయవచ్చు. అయినా మనం కదలకపోతే ఓనరు కోర్టుకు వెళ్లాల్సిందే గానీ, సామాను బయట పడేసే హక్కు ఆయనకు లేదు.

మహారాష్ట్ర: ముంబై, షోలాపూర్‌లలో ఉన్న మనవాళ్లకు 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం కొంత మేలు. దాని కింద రక్షణ ఉన్న పాత అద్దెదారులకు ఏటా 4 శాతం వరకే సాధారణంగా పెంచవచ్చు. ‘లీవ్ అండ్ లైసెన్స్’ ఇళ్లకు ఈ పరిమితి లేదు. అయితే ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనరుదే. చేయించకపోతే, తప్పని రుజువయ్యే దాకా షరతుల విషయంలో అద్దెదారు మాటే చెల్లుతుంది. తమిళనాడులో పత్రం లేకపోవడం అద్దెదారు మెడకు చుట్టుకుంటే, ఇక్కడ ఓనరుకు చిక్కు తెస్తుంది.

కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలలు మించకూడదని అందులో ఉంది. కానీ రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది. దాన్ని చూపించి ఓనరుతో వాదించే ముందు మీ రాష్ట్రంలో ఏ చట్టం ఉందో తెలుసుకోండి.

సంబంధాలు బాగున్నప్పుడే పత్రం అడగండి, గొడవ మొదలయ్యాక ఎవరూ సంతకం పెట్టరు. ఏటా ఎంత శాతం పెంచాలి, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల నోటీసు, పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారు అనే మూడూ అంకెల్లో ఉండాలి. బాడుగ బ్యాంకు ద్వారా ఇవ్వండి, చేతికిస్తే రసీదు తీసుకోండి. అడ్వాన్స్ ఎప్పుడో తాతగారు ఇచ్చి ఉంటే, ఆ మొత్తాన్నీ కొత్త పత్రంలో రాయించండి. బాడుగ పెరగకుండా ఏ కాగితమూ ఆపలేదు. ఎంత పెరుగుతుందో ముందే తెలిస్తే మాత్రం ఇల్లు నడుపుకోవచ్చు.